ముక్తినాథ్ వెళ్తున్నాం డాక్టర్ గారూ, మందుల సంచిలో ఏమేం పెట్టుకోవాలి?

ప్రశ్న: నాకు 57 ఏళ్లు. పదేళ్లుగా షుగర్ ఉంది, రెండేళ్లుగా రాత్రిపూట ఇన్సులిన్ వేసుకుంటున్నాను. మావారికి 63. బీపీ ఉంది, మూడేళ్ల క్రితం స్టెంట్ వేశారు. దసరా అయ్యాక మా వీధివాళ్లం పద్దెనిమిది మంది కలిసి నేపాల్‌లోని ముక్తినాథ్ వెళ్తున్నాం. పోఖరా నుంచి జీపుల్లో ఒక్క రోజులోనే పైకి తీసుకెళ్లి, ఆ రాత్రి గుడి దగ్గరే బస ఇస్తారట. కర్పూరం వాసన చూస్తే చాలని ఒకరు, ఆక్సిజన్ డబ్బా కొనుక్కోమని ఇంకొకరు చెబుతున్నారు. మేమిద్దరం ఏటా అలిపిరి మెట్లెక్కి కొండకు వెళ్తాం, మాకేం ఇబ్బంది ఉండదు కదా? సంచిలో ఏమేం పెట్టుకోవాలో చెప్పగలరు. – ఒక పాఠకురాలు, తిరుపతి

జవాబు: అమ్మా, మీరు సంచి గురించి అడిగారు గానీ, నాకు కంగారు పుట్టించింది వేరే మాట. ‘ఒక్క రోజులోనే పైకి తీసుకెళ్లి, ఆ రాత్రి గుడి దగ్గరే బస.’ ముందు దాని సంగతి తేల్చుకుందాం. అది సరిచేసుకోకపోతే సంచిలో ఎన్ని మందులున్నా నాకు ధైర్యం చాలదు.

పోఖరా దాదాపు మన తిరుమల అంత ఎత్తులోనే ఉంటుంది, 800 మీటర్ల పైచిలుకు. ముక్తినాథ్ 3,700 మీటర్లు దాటుతుంది. తిరుమల మీద ఇంకో మూడు తిరుమలలు పేర్చినా అంత ఎత్తు రాదు. గాలిలో ఆక్సిజన్ ఎక్కడైనా 21 శాతమే. కానీ పైకి పోయేకొద్దీ గాలి ఒత్తిడి పడిపోతుంది కాబట్టి అక్కడ ఒక్కో శ్వాసకు అందే ఆక్సిజన్, మనకు ఇక్కడ అందేదాంట్లో మూడింట రెండు వంతులు కూడా ఉండదు. ఆ తక్కువకు ఒళ్లు అలవాటు పడాలంటే రోజులు కావాలి. అందుకే 3,000 మీటర్లు దాటాక రోజుకు 500 మీటర్లకు మించి పైకి వెళ్లి పడుకోవద్దని చెబుతాం. మీ టూరువాళ్లు ఒక్క పగటిలో దాదాపు 2,900 మీటర్లు ఎక్కించి పడుకోబెడతామంటున్నారు.

అలిపిరి మెట్లెక్కడం మంచిదే, మానకండి. మీ గుండె, మోకాళ్లు ఎంత గట్టిగా ఉన్నాయో అవి చెబుతాయి. ఎత్తు మీకు పడుతుందో లేదో మాత్రం చెప్పవు. పాతికేళ్ల కుర్రాడు తలపోటుతో వాంతులు చేసుకుంటుంటే, పక్కనే అరవై ఏళ్లాయన హాయిగా టీ తాగుతూ ఉండొచ్చు.

కాబట్టి టూరువాళ్లతో ఇవాళే మాట్లాడండి. దారిలో ఒక రాత్రి కింద ఎక్కడైనా ఆగి, మర్నాడు రాత్రి జోమ్‌సోమ్‌లో పడుకోండి. అది సుమారు 2,700 మీటర్లు. పొద్దున్నే జీపులో ముక్తినాథ్ వెళ్లి, దర్శనం చేసుకుని, మళ్లీ కిందికి వచ్చి జోమ్‌సోమ్‌లోనే పడుకోండి. పగలు ఎంత ఎత్తుకు వెళ్లామన్నదానికంటే రాత్రి ఎంత ఎత్తులో పడుకున్నామన్నదే ముఖ్యం. పద్దెనిమిది మంది ఒక్కమాట మీద అడిగితే ఒక రోజు పెంచకుండా ఎందుకుంటారు?

ఇలా వెళ్తే డయామాక్స్, అంటే ఎసిటజోలమైడ్ మాత్ర, చాలామందికి అవసరమే పడకపోవచ్చు. పైనే పడుకోక తప్పదంటే మాత్రం మీ డాక్టరుతో మాట్లాడి వాడాలి. మామూలుగా 125 మిల్లీగ్రాములు, అంటే 250 మాత్రలో సగం, రోజుకు రెండుసార్లు, పైకి వెళ్లే ముందు రోజు నుంచి. సల్ఫా మందులు పడనివాళ్లు, కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లు సొంతంగా మింగకూడదు. దీంతో వేళ్లు జివ్వుమంటాయి, మూత్రం ఎక్కువసార్లు వస్తుంది. మీకు షుగర్ ఉంది కాబట్టి ఆ తిమ్మిరిని నరాల జబ్బు అనుకుని భయపడతారు, అందుకే ముందే చెబుతున్నాను. డాక్టరు రాసిస్తే ఒక రోజు ఇక్కడ ఇంట్లోనే వేసుకుని చూసుకోండి.

ఇక సంచి. మందులన్నీ విమానంలో మీ చేతిసంచిలోనే ఉండాలి, చెక్-ఇన్ పెట్టెలో వద్దు. ప్రయాణం ఎనిమిది రోజులైతే పదహారు రోజులకు సరిపడా తీసుకుని, సగం మీ దగ్గర, సగం మీవారి దగ్గర పెట్టుకోండి. మందుల చీటీ, పాత ఈసీజీ, స్టెంట్ వేసినప్పటి కాగితాలు జిరాక్స్ తీసి రెండు సంచుల్లోనూ ఉంచండి. మన ఆరోగ్యశ్రీ కార్డు అక్కడ చెల్లదు. హెలికాప్టర్ ఖర్చు కూడా ఇచ్చే ట్రావెల్ ఇన్సూరెన్స్ తీసుకోండి.

ఇన్సులిన్ దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగుతాను. నా పేషెంటు ఒకాయన ఇలాంటి యాత్రకే వెళ్లి, బయట చల్లగానే ఉంది కదా అని ఇన్సులిన్ పెన్నును లాడ్జి కిటికీ గట్టు మీద పెట్టి పడుకున్నారు. తెల్లారేసరికి గడ్డకట్టింది. ఎండలో పెడితే కరిగింది, అదే వేసుకున్నారు. ఖాట్మండు చేరేసరికి షుగర్ 400 దాటింది. ఊరికి వచ్చాక ఆ పెన్ను నాకు చూపించారు. వెలుతురుకు పెట్టి చూస్తే లోపల సన్నటి పలుకులు తేలుతున్నాయి. ఒకసారి గడ్డకట్టిన ఇన్సులిన్ కరిగినా పనిచేయదు, పారేయాల్సిందే. పగలు స్వెట్టర్ లోపలి జేబులో, రాత్రి దుప్పట్లో మీ పక్కనే పెట్టుకోండి. షుగర్ చూసుకునే మిషన్‌కు కూడా ఇంతే. చలికి అది ఎర్రర్ చూపిస్తుంది, లేదా తప్పు అంకె ఇస్తుంది. కాసేపు అరచేతుల్లో వెచ్చబెట్టి వాడండి.

ఇంకొకటి గుర్తుంచుకోండి. షుగర్ పడిపోయినా తలనొప్పి, కళ్లు తిరగడం, నీరసమే. ఎత్తు పడకపోయినా అవే. అందుకని అలా అనిపించగానే ముందు షుగర్ చూసుకోండి. తక్కువుంటే గ్లూకోజ్ పొడి నీళ్లలో కలిపి తాగండి. మన శ్రీవారి లడ్డు సంచిలో ఉంటుంది, తెలుసు. కానీ అందులో నెయ్యి ఎక్కువ కాబట్టి ఆ తీపి రక్తంలోకి చేరడం ఆలస్యమవుతుంది. గ్లూకోజ్ తాగాకే లడ్డు. డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ లాంటి షుగర్ మాత్రలు వాడుతుంటే, వాంతులైనప్పుడు అవి ఆపాలా అని మీ డాక్టరును ముందే అడిగి రాయించుకోండి.

కర్పూరం వాసనకు ముక్కు తెరుచుకున్నట్టు అనిపిస్తుందే గానీ, ఒంట్లోకి ఒక్క పిసరు ఆక్సిజన్ కూడా అదనంగా చేరదు. ఆక్సిజన్ డబ్బా కొన్ని నిమిషాల్లో అయిపోతుంది, పైగా దాన్ని విమానంలోకి రానివ్వరు. ఆ డబ్బుతో వేలికి పెట్టుకునే ఆక్సీమీటర్ కొనండి. పైన అది 88, 90 చూపిస్తే హడలిపోవద్దు, ఆ ఎత్తులో అది మామూలే. వేళ్లు చల్లగా ఉన్నా, గోళ్ల రంగు ఉన్నా తప్పు చూపిస్తుంది. అంకె కంటే మనిషిని చూడండి.

తలపోటుతో పాటు వికారం, నీరసం ఉంటే ఇంకా పైకి వెళ్లకూడదు. పారాసిటమాల్ వేసుకుని అక్కడే ఆగాలి. కూర్చున్నా ఆయాసం, ఆగని దగ్గు, పొంతన లేని మాటలు, తాగినవాడిలా తూలడం కనిపిస్తే అర్ధరాత్రయినా సరే జీపు మాట్లాడి కిందికి దించేయండి. అనుమానమొస్తే ముందు కాలి మడమకు వెనక కాలి వేళ్లు ఆనిస్తూ గీత మీద పది అడుగులు వేయమనండి. తూలితే ఇక ఆలోచించొద్దు. జోమ్‌సోమ్ వెయ్యి మీటర్లు కింద ఉంది, అక్కడ ప్రభుత్వ ఆసుపత్రి కూడా ఉంది. నిద్ర పట్టడం లేదని మాత్రం నిద్రమాత్ర వేసుకోవద్దు. అది శ్వాసను ఇంకా మందగింపజేస్తుంది.

బట్టలు మీకు తెలిసినవే. ఒక లావుపాటి స్వెట్టర్ కంటే థర్మల్, దానిమీద ఉన్ని, ఆపైన గాలి చొరబడని జాకెట్ మేలు. జోమ్‌సోమ్‌లో మధ్యాహ్నానికి గాలి ఈడ్చి కొడుతుంది. నల్ల కళ్లద్దాలు, సన్‌స్క్రీన్, ఓఆర్ఎస్ ఉండాలి. బూట్లు ఇప్పుడే కొని రోజూ కపిలతీర్థం దాకా వేసుకుని నడవండి. కొత్త బూటు కరిచిన పుండు షుగర్ కాలికి మంచిది కాదు. అరికాళ్లు మొద్దుబారి ఉంటే వేడినీళ్ల సంచి పెట్టుకుని పడుకోవద్దు, కాలినా తెలియదు.

మీవారు మూడు వారాల ముందే గుండె డాక్టరుకు చూపించుకుని, ఎకో, అవసరమైతే ట్రెడ్‌మిల్ చేయించుకోవాలి. ఆస్పిరిన్, బీపీ మాత్ర ఒక్క పూట కూడా మానకూడదు. గుడి వెనక 108 ధారలుంటాయి. అందరూ వాటి కింద పరుగెడుతూ తడుస్తారు. మంచు కరిగిన నీళ్లవి. ఒక్కసారిగా మీద పడితే రక్తనాళాలు ముడుచుకుపోయి బీపీ ఎగబాకుతుంది. స్టెంట్ ఉన్న గుండెకు అంత భారం వద్దు. ఆ నీళ్లు దోసిట పట్టి తలమీద చల్లుకుంటే చాలని ఆయనకు తిరుపతిలోనే చెప్పి ఒప్పించండి. అక్కడికెళ్లాక జనాన్ని చూసి మనసాగదు. అయినా తడిసేస్తారేమో, తువ్వాలు, పొడి బనీను, మంకీ క్యాప్ మీ చేతిసంచిలో అన్నిటికంటే పైన పెట్టుకోండి.