వెనక సీలు మార్చే ముందు ఇంజిన్ ఊపిరి చూడండి

ప్రశ్న: పద్నాలుగేళ్ల పెట్రోలు కారు. ఇంజిన్‌కూ గేరుబాక్సుకూ మధ్య నుంచి ఆయిలు కారుతోంది. వెనక సీలు, అంటే ఇంజిన్ వెనక కొసన ఆయిలు బయటకు రాకుండా ఆపే రబ్బరు రింగు, మార్చాలి, గేరుబాక్సు దించాలి, ముప్ఫై వేలు అవుతుందంటున్నారు. ఇంట్లో మనం చేసుకోగలిగింది ఏమైనా ఉందా, లేక అమ్మేయడమే మంచిదా?

అమ్మకండి. గేరుబాక్సు దించడానికి కూడా ఇప్పుడే ఒప్పుకోకండి. ఇదే జబ్బు, ఇదే సలహా ఏడేళ్ల కిందట నాకూ ఎదురయ్యాయి. నేనుండేది అమెరికాలో, మిన్నియాపోలిస్ పక్కన. నాది 1998 నాటి అయిదు సిలిండర్ల వ్యాగన్. కంపెనీ పేరు ఇక్కడ అవసరం లేదు. ఇరవై ఏళ్లు దాటిన రబ్బరు ఏ కంపెనీ కారులో ఉన్నా ఒకేలా ప్రవర్తిస్తుంది. షెడ్డులో కారును పైకెత్తి రెండు నిమిషాలు చూసి, సీలు పోయింది, పద్నాలుగు వందల డాలర్లు అన్నారు. కారును అమ్మినా అంత రాదు.

ఆ రాత్రి మా మామయ్యకు ఫోన్ చేశాను. ఆయన విజయవాడ ఆటోనగర్‌లో ముప్ఫై ఎనిమిదేళ్లు లారీ ఇంజిన్లు విప్పి బిగించిన మనిషి. నా కారులాంటిది ఆయన కంటితో చూసి ఉండరు. సంగతంతా విని ఒక్కటే అడిగారు: "సీలు ఊరికే కారదురా. లోపల నుంచి తన్నుతుంటే కారుతుంది. కొత్తది వేయించినా దాన్నీ తన్నేస్తుంది. ముందు బ్రీదర్ చూశావా?"

చూడలేదు. షెడ్డు వాళ్లూ చూడలేదు. నేను చెప్పదలచుకున్నదంతా ఇక్కడే ఉంది.

ఎంత మంచి ఇంజిన్ అయినా పిస్టన్ రింగుల పక్క నుంచి కొంత మండిన వాయువు కిందికి, ఆయిలు ఉండే గదిలోకి జారుతూనే ఉంటుంది. అది బయటకు పోవాలి. పూర్వం ఒక గొట్టం పెట్టి నేరుగా రోడ్డు మీదికి వదిలేసేవారు. 1960ల మొదట్లో కాలిఫోర్నియా గాలి పాడైపోతోందని, ఆ వాయువును తిరిగి ఇంజిన్ చేతనే పీల్పించే ఏర్పాటు వచ్చింది. ఇప్పుడు ప్రతి పెట్రోలు కారులోనూ అది ఉంటుంది. ఆయిలు తుంపరను వేరుచేసే ఒక ప్లాస్టిక్ డబ్బా, దానికి నాలుగైదు రబ్బరు గొట్టాలు, అంతే. మామయ్య అడిగిన బ్రీదర్ ఇదే, ఇంజిన్‌కు ఊపిరి. నా కారులో ఆ డబ్బా, గొట్టాలు అన్నీ ఇన్‌టేక్ మ్యానిఫోల్డ్ (సిలిండర్లకు గాలి తీసుకెళ్లే గొట్టాల కూర్పు) కింద, ఇంజిన్ దిమ్మెకు అతుక్కుని ఉంటాయి. కంటికి కనబడవు, చెయ్యి దూరదు. అందుకే ఎవరూ వాటి జోలికి పోరు. ఆ గొట్టాలు మూసుకుపోతే వాయువు ఎక్కడికి పోతుంది? సీళ్లనే తోసుకుని వస్తుంది.

మామయ్య చెప్పిన పరీక్షకు పైసా ఖర్చు లేదు. ఇంజిన్ వేడెక్కాక, నడుస్తూ ఉండగానే ఆయిలు పోసే మూత తీసి, ఆ మూతికి పల్చటి రబ్బరు చేతి తొడుగు తొడిగి దారంతో కట్టాలి. కొద్దిగా ఆయిలు చిందుతుంది, ఫరవాలేదు. బెల్టుకు చొక్కా చేతులు తగలకుండా చూసుకోవాలి. ఇంజిన్ సరిగ్గా ఊపిరి తీసుకుంటుంటే తొడుగు లోపలికి ముడుచుకుంటుంది. నా నీలం తొడుగు మొదట వేలాడింది. తర్వాత బొటనవేలు లేచింది. పది సెకన్లలో అయిదు వేళ్లూ నిక్కబొడుచుకుని, గ్యారేజీలో ఎవరో చెయ్యెత్తి నన్ను ఆగమన్నట్టు నిలబడ్డాయి. ఆయిలు మట్టం చూసే డిప్‌స్టిక్ పైకి లాగితే ఆ గొట్టంలోంచి సన్నని పొగ వచ్చింది. సీలు మీద నాకున్న అనుమానం ఆ క్షణమే పోయింది.

ఆ శనివారం పొద్దున్న తొమ్మిదికి మ్యానిఫోల్డ్ విప్పడం మొదలుపెట్టాను. మా అబ్బాయికి అప్పుడు పదేళ్లు, టార్చి వాడిది. ఇంధన పంపు ఫ్యూజు తీసి ఇంజిన్ దానంతటదే ఆగేదాకా నడిపి, ఆ తర్వాత బ్యాటరీ నెగటివ్ తీగ విప్పాను. ఈ వరుస మార్చకండి, లేకపోతే ఇంజెక్టర్ల వరుస ఎత్తగానే పెట్రోలు ముఖాన కొడుతుంది. విప్పిన ప్రతి తీగకూ చీటీ కట్టాం. పై బోల్టులు సులభంగానే వచ్చాయి. కిందివి మ్యానిఫోల్డ్ గొట్టాల వెనక ఉన్నాయి. పొడవాటి ఎక్స్‌టెన్షన్ వేసి పట్టుకున్నా పానా నాలుగు డిగ్రీలకు మించి తిరగదు. వీడియోలో చూస్తున్న మామయ్య ఆపమన్నారు. "కింది బోల్టులు తీయకు, సడలించు చాలు. అక్కడ రంధ్రం కాదు, గాడి ఉంటుందేమో వేలితో తడిమి చూడు." తడిమాను. నిజంగానే కింద నోరు తెరుచుకున్న గాడి ఉంది. బోల్టులు సడలిస్తే మ్యానిఫోల్డ్ వాటి మీంచి పైకి జారి వస్తుంది. అప్పటికీ రాకపోతే కింద ఎక్కడో ఒక కమ్మీ పట్టుకుని ఉందని అర్థం. మొరటుగా ఎత్తకండి. మాకూ ఒక కమ్మీ ఉంది, కారు కిందికి పడుకుని విప్పాల్సి వచ్చింది.

మ్యానిఫోల్డ్ లేచింది. ముందుగా తెరిచి ఉన్న అయిదు నోళ్లలోనూ శుభ్రమైన గుడ్డ కుక్కాను. ఒక్క నట్టు అందులో పడితే ఇక సీలు సంగతి, గొట్టాల సంగతి ఏదీ మాట్లాడుకోనక్కర్లేదు.

పై గొట్టాన్ని బొటనవేలితో నొక్కాను. వంగలేదు, పటుక్కున విరిగింది. ముక్కలు అరచేతిలో మినప అప్పడంలా పొడి అయ్యాయి. బయట నుంచి చూస్తే నల్లగా, నున్నగా, కొత్తదానిలాగే ఉంది. డబ్బాను రెండు బోల్టులు పట్టుకుని ఉన్నాయి. తీసి ఊపితే లోపల గులకరాళ్లు ఉన్నట్టు చప్పుడు. అబ్బాయి టార్చి వేసి చూపించాడు: ఆయిలు తిరిగి కిందికి పోయే దారిలో ఎండిన తారులాంటి పదార్థం, మధ్యలో అగ్గిపుల్ల పట్టేంత సందు. ఇంజిన్ దిమ్మెలో ఆ డబ్బా కూర్చునే కింది రంధ్రం కూడా సగానికి పైగా పూడిపోయింది. వెదురు పుల్లతో గీకి, గుడ్డతో తుడిచి, మళ్లీ గీకాను. ఆ ఒక్క రంధ్రానికి గంటన్నర పట్టింది. కొంత మడ్డి లోపల పడక తప్పదు కాబట్టి, పని అయ్యాక ఆయిలూ ఫిల్టరూ ఒకసారి, అయిదు వందల మైళ్లకు ఇంకోసారి మార్చాను.

అంత మడ్డి ఎందుకు పేరుకుందంటే కారణం నా ఆఫీసు. ఇంటికి నాలుగు మైళ్లు. చలికాలంలో సున్నాకు పాతిక డిగ్రీలు కింద ఉండే ఊళ్లో ఇంజిన్ పూర్తిగా వేడెక్కేలోపే ఆపేసేవాణ్ణి. లోపల చేరిన తేమ ఆవిరైపోయే సమయమే దొరకదు. అది ఆయిలుతో కలిసి మీగడలాంటి పదార్థమై, ఆ తర్వాత ఎండి గట్టిపడుతుంది. మీ ఊళ్లో చలి లేకపోవచ్చు, కానీ ట్రాఫిక్కులో రోజూ రెండు కిలోమీటర్లు నడిచి ఆగే కారుకు ఆయిలు మార్చడం ఆలస్యమైతే మడ్డి పట్టక మానదు. పైగా మన ఎండ. ఇంజిన్ ఆపాక గాలి ఆడదు, మ్యానిఫోల్డ్ కింద వేడి అలాగే నిలబడుతుంది. రబ్బరును చంపేది ఆ వేడే. కారు ఎన్ని కిలోమీటర్లు తిరిగిందన్నది గొట్టాలకు పట్టదు, ఎన్ని వేసవులు చూసిందన్నదే పడుతుంది.

ఇక్కడ ఒక మాట చెప్పకుండా ఉండలేను. నేను మెకానికల్ ఇంజినీరింగ్ చదివాను. నాలుగేళ్లలో నాతో ఒక్క నడిచే ఇంజిన్ మూత కూడా విప్పించలేదు. బోర్డు మీద ఒట్టో సైకిల్, అంటే పెట్రోలు ఇంజిన్ పనిచేసే క్రమం, గీశాం, మార్కులు వచ్చాయి. బ్రీదర్ అనే మాట నేను మొదటిసారి విన్నది మామయ్య నోట. ఆయన చదివింది ఎనిమిదో తరగతి. మన ఇళ్లలో చేతికి గ్రీజు అంటితే చదువు అబ్బలేదని లెక్క. ఈ లెక్క నాకు కోపం తెప్పిస్తుంది. ఇంజిన్ శబ్దం విని జబ్బు చెప్పగల మనిషిని "మెకానిక్కేలే" అని తీసేసే ఇంట్లోనే, ఏటా కారు బాగుచేయించడానికి వేలు పోస్తారు. ఇక్కడ అమెరికాలో కూడా మా తెలుగువాళ్లు సొంత ఇల్లు, రెండు కార్ల గ్యారేజీ ఉండి కూడా వైపర్ మార్చడానికి షెడ్డుకు పోతారు. అపార్ట్‌మెంట్లలో అయితే పార్కింగులో బానెట్ ఎత్తితేనే ఫిర్యాదు. మనిషి తన వస్తువును తాను బాగుచేసుకోవడం ఎవరికి అడ్డమో నాకు అర్థం కాదు.

గొట్టాల సంగతికి వస్తాను, ఇది మాత్రం జాగ్రత్తగా చదవండి. అన్ని నల్ల రబ్బరు గొట్టాలూ ఒకటి కాదు. కూలెంట్ (ఇంజిన్‌ను చల్లబరిచే ద్రవం) కోసం చేసిన గొట్టాలు ఎక్కువగా ఈపీడీఎం రబ్బరువి. వేడి నీటిని అవి బాగా తట్టుకుంటాయి, ఆయిలు తగిలితే ఉబ్బి మెత్తబడతాయి. బ్రీదర్‌కు ఆయిలు ఆవిరిని తట్టుకునే నైట్రైల్ లాంటి రబ్బరు కావాలి. మా స్నేహితుడొకరు సైజు సరిపోయిందని హీటర్ గొట్టం కోసి బ్రీదర్‌కు పెట్టించుకున్నారు. ఆరు నెలలకు అది నీళ్లలో నానిన శనగలా ఉబ్బి క్లిప్పులోంచి జారిపోయింది. కొలత ఒక్కటే చూసి కొనకండి, దేనికోసం చేశారో అడిగి కొనండి. వంపు తిరిగిన గొట్టం బదులు తిన్నని గొట్టాన్ని వంచి పెట్టడం కూడా వద్దు. వేడికి వంపు దగ్గర నొక్కుకుపోతుంది, ఊపిరి మళ్లీ ఆగుతుంది.

విరిగిన ఒక్కదాన్నే మార్చడం అసలు వద్దు. అన్నీ ఒకే రోజు పుట్టాయి, ఒకే వేడిలో కాలాయి. నేను డబ్బా, దాని గొట్టాలన్నీ, బ్రీదర్ గడ్డకట్టకుండా వెచ్చబెట్టే సన్నని కూలెంట్ గొట్టం, మ్యానిఫోల్డ్ గ్యాస్కెట్ అన్నీ కలిపి నూట అరవై డాలర్లకు తెప్పించాను. కూలెంట్ గొట్టం విప్పేటప్పుడు ఇంజిన్ పూర్తిగా చల్లారి ఉండాలి. కారిన కూలెంట్ వెంటనే తుడిచేయండి. తియ్యగా ఉంటుంది, కుక్కలు నాకుతాయి, నాకితే ప్రాణానికే ముప్పు. కూలెంట్ గొట్టాలకు మొదటి నుంచీ ఉన్న స్ప్రింగు క్లిప్పులనే శుభ్రం చేసి తిరిగి వేశాను. రబ్బరు వేడికి పెరిగి చల్లారాక తగ్గినా ఆ స్ప్రింగు పట్టు వదలదు. స్క్రూతో బిగించే క్లిప్పు తనంతట తాను బిగుసుకోదు.

ఆదివారం మధ్యాహ్నం కొత్త గ్యాస్కెట్ వేసి మ్యానిఫోల్డ్ కూర్చోబెట్టాం. మధ్య నుంచి మొదలుపెట్టి రెండు పక్కలకూ బోల్టులు బిగించాం, నా కారుకు చెప్పిన 20 న్యూటన్ మీటర్ల వరకే, బిగింపు బలం కొలిచే టార్క్ పానాతో. ఇంజిన్ తలకాయలో (సిలిండర్ హెడ్) బోల్టు దిగే మరలు అల్యూమినియంవి, బలం చూపిస్తే ఊడివస్తాయి. మూసే ముందు అబ్బాయి గుడ్డలు లెక్కపెట్టాడు. అయిదు కుక్కాం, అయిదూ వచ్చాయి.

ఇంజిన్ వేడెక్కాక అదే నీలం తొడుగు మళ్లీ కట్టాను. ఒక క్షణం కదలలేదు. తర్వాత ఒక్కొక్క వేలూ లోపలికి పీల్చుకుపోయింది, చివరికి మూతి మీద చర్మంలా అంటుకుంది. మామయ్యకు వీడియో పంపితే అక్కడ తెల్లవారుజాము. "తీసుకుంటోందిరా" అని మాత్రం అన్నారు.

కారు కింద అట్టముక్క పరిచాను. మొదటి వారం రూపాయి బిళ్లంత మచ్చలు మూడు. గేరుబాక్సు గూట్లో మిగిలిన పాత ఆయిలు అది. రెండో వారం ఒకటి. నాలుగో వారం అట్ట పొడిగా ఉంది. ఆ పాత సీలుతోనే కారు ఇప్పటికి నలభై ఒక్క వేల మైళ్లు తిరిగింది. ఆ తర్వాత స్నేహితుల కార్లు మూడు చూశాను, వెనక సీలు పోయిందని చెప్పినవే. మూడింటికీ ఊపిరి గొట్టాలే మూసుకుపోయి ఉన్నాయి. అందుకే ఇంత గట్టిగా చెబుతున్నాను.

మీరు రేపు పొద్దున్న తొడుగు కట్టి చూడండి. లోపలికి ముడుచుకుంటే తప్పు బ్రీదర్‌ది కాదు, షెడ్డు వాళ్ల మాట వినండి. డీజిల్ కారున్న వాళ్లు ఈ పరీక్షను నమ్ముకోకండి, వాటిలో కొంచెం ఉబ్బడం మామూలే. మీది పెట్రోలు, ఉబ్బిందంటే కారు మోడలు, సంవత్సరం ఇక్కడే రాయండి. కొన్ని కార్లలో బ్రీదర్ పైనే, కంటికి ఎదురుగా ఉంటుంది, మ్యానిఫోల్డ్ జోలికి పోకుండానే అరగంటలో అయిపోతుంది.