రసీదు బ్రోకర్‌ది, ఇల్లు ఇంకొకరిది

సందేహం: నెల్లూరు వేదాయపాళెంలో 25 అంకణాల స్థలంలో ఉన్న పాత డాబా ఇల్లు కొనాలనుకున్నాం. బ్రోకర్ 62 లక్షలు చెప్పాడు. ఈ రోజు టోకెన్ ఇవ్వకపోతే వేరే పార్టీకి పోతుందని తొందరపెడితే రెండు లక్షలు క్యాష్ ఇచ్చాం. తెల్లకాగితం మీద ‘ఓనర్ తరఫున’ అని రాసి తనే సంతకం పెట్టాడు. ఓనర్ చెన్నైలో ఉంటారట, మేం చూడలేదు. ఆయన 55 లక్షలకే ఒప్పుకున్నాడని పక్కింటివాళ్లు చెబుతున్నారు. బ్రోకరేమో వారంలో ఇంకో ఐదు లక్షలు, రెండు శాతం కమీషన్ అడుగుతున్నాడు. మా డబ్బు పోయినట్టేనా? రెరాకు (రియల్ ఎస్టేట్ నియంత్రణ సంస్థకు) ఫిర్యాదు చేయొచ్చా? - ఒక పాఠకురాలు

సలహా: ముందు ఆ ఐదు లక్షలు ఆపండమ్మా. మిగతావన్నీ తర్వాత.

మీ దగ్గరున్న రసీదుతో బ్రోకర్‌ను నిలదీయొచ్చు, ఓనర్‌ను నిలదీయలేరు. ఇల్లు చూపించమని ఓనర్ చెప్పి ఉండొచ్చు. అంతమాత్రాన ఆయన తరఫున డబ్బు తీసుకునే అధికారం బ్రోకర్‌కు రాదు. ఆ అధికారం ఏ కాగితంలో ఉందో చూపించమనండి. జీపీఏ (తన తరఫున పనులు చేయమని ఓనర్ అధికారం రాసిచ్చే పత్రం) ఉందంటే అది రిజిస్టర్ అయిందా, అమ్మే అధికారం అందులో రాశారా, రాసిచ్చిన మనిషి బతికే ఉన్నాడా, ఈ మూడూ చూడాలి. మనిషి పోతే మామూలు జీపీఏ కూడా ఆయనతోనే పోతుంది. అసలు మీరే చెన్నై వెళ్లి ఓనర్‌ను కలవండి. 62 లక్షల బేరంలో బస్సు చార్జీ ఎంతని!

పక్కింటివాళ్ల మాట నిజమే కావచ్చు. చాలామంది బ్రోకర్లు ఓనర్ దగ్గర తమ పేరున అగ్రిమెంట్ రాయించుకుని, గడువులోగా ఎక్కువ ధరకు పార్టీని తెచ్చి, తేడా మిగుల్చుకుంటారు. అది నేరమేమీ కాదు. కానీ అలాంటప్పుడు అతను మీ బ్రోకర్ కాదు, అమ్మేవాళ్లలో ఒకడు. లాభమూ తీసుకుని మీ దగ్గర కమీషనూ అడుగుతానంటే కుదరదు. మీ ఏజెంటుగా ఉంటూ మీకు తెలియకుండా సొంత బేరం చేసుకుంటే ఆ లాభం అడిగే హక్కు 1872 కాంట్రాక్టు చట్టం 216వ సెక్షన్ మీకిచ్చింది. తప్పుగా నడుచుకున్న ఏజెంటుకు ఆ పనికి కమీషన్ రాదని 220 చెబుతుంది. వేరే ఒప్పందం లేకపోతే కమీషన్ పని పూర్తయ్యాకే (219). అంటే రిజిస్ట్రేషన్ రోజున, అంతకు ముందు కాదు.

నన్నడిగితే కమీషన్ కంటే ఆ తేడా ఏడు లక్షలే ప్రమాదం. దస్తావేజు 55కు రాయించి, ఏడు క్యాష్‌గా తన చేతికి ఇమ్మంటాడు. దానికి కాగితం ఉండదు. దానికి బ్యాంకు లోన్ రాదు. రేపు మీరు ఇల్లు అమ్మితే మీరు కొన్న ధర 55గానే లెక్కకొస్తుంది, ఆ ఏడు లక్షలూ మీ లాభం కింద చూపి పన్ను వేస్తారు. 62కు కొంటే దస్తావేజులో 62 ఉండాలి. అతనికి అగ్రిమెంట్ ఉంటే అతనూ దస్తావేజులో సంతకం పెట్టాలి. ఎవరికి చేరాల్సింది వారి బ్యాంకు ఖాతాకే వెళ్లాలి. ధర 50 లక్షలు దాటింది కాబట్టి ఒక శాతం టీడీఎస్ (అమ్మేవాళ్లకిచ్చే డబ్బులోంచి ముందే పట్టే ఆదాయపు పన్ను) మీరే పట్టుకుని కట్టాలి. బ్రోకర్లు ఈ మాట ఎత్తరు.

రెరా ఇక్కడ పనికిరాదు. 2016 చట్టం ఏజెంటును రిజిస్టర్ చేయించుకోమన్నది బిల్డర్లు అమ్మే ప్రాజెక్టుల విషయంలో. ఒకరి సొంత పాత ఇల్లు దాని కిందికి రాదు.

ఓనర్ దొరికాడు, ధర కుదిరింది అనుకుందాం. ఒరిజినల్ డాక్యుమెంట్లు కళ్లారా చూడండి. జిరాక్స్‌లే చూపిస్తుంటే ఒరిజినల్స్ ఏ బ్యాంకులో ఉన్నాయో అడగాలి. ఈసీ (ఆ ఆస్తి మీద జరిగిన రిజిస్ట్రేషన్లు చూపే పత్రం) శుభ్రంగా ఉందని సంబరపడకండి. రిజిస్టర్ చేయని వీలునామాలు, చావులు, వారసులు ఈసీలో కనబడరు. ఇల్లు తండ్రి నుంచి వచ్చిందైతే ఓనర్ అక్కచెల్లెళ్లకూ వాటా ఉండొచ్చు, వాళ్ల సంతకాలు కావాలి. కొలత కూడా టేపు పెట్టి చూడండి. మన నెల్లూరు అంకణం 72 చదరపు అడుగులు, తిరుపతి వైపు 36. మీ 25 అంకణాలు 200 గజాలు కావాలి, దస్తావేజులోనూ అంతే ఉండాలి. తర్వాత ఓనర్‌తో నేరుగా అగ్రిమెంట్ రాసుకుని రిజిస్టర్ చేయించండి. ఇచ్చిన రెండు లక్షలు అందినట్టు ఓనర్ చేతే అందులో రాయించండి.

బేరం వద్దనుకుంటే, బ్రోకర్‌కు లాయర్ నోటీసు ఇచ్చి డబ్బు తిరిగి అడగండి. ఇవ్వకపోతే సివిల్ కోర్టులో దావా వేయాలి, మూడేళ్లలోపు. బ్యాంకులో డబ్బు తీసిన రోజు ఎంట్రీ, వాట్సాప్ మెసేజ్‌లు దాచిపెట్టండి. పోలీసు కేసు మాత్రం వెంటనే వద్దు. మొదటి నుంచే మోసం చేయాలన్న ఉద్దేశం ఉందని తేలితే తప్ప అది చీటింగ్ కాదు, డబ్బు తగాదా కింద తేల్చేస్తారు. ఓనర్ గనక ‘నా ఇల్లు అమ్మమని నేనెవరికీ చెప్పలేదు’ అంటే అదే రోజు స్టేషన్‌కు వెళ్లండి. తెల్లకాగితం ఒరిజినల్ ఇంట్లో పెట్టి, జిరాక్స్ తీసుకెళ్లండి.