కొత్త మిషను కొనే ముందు ఇది చదువుకో పాపా

పాపా,

నువ్వు పంపిన మూడు కుట్టు మిషన్ల ఫోటోలు చూసినా. తెల్లగా ముద్దుగా ఉండే ఆ జిగ్‌జాగ్ మిషను మీదే నీ మనసు పోయిందని నువ్వు చెప్పకున్నా తెలుస్తాంది, డబ్బా మీద ఇరవై రకాల కుట్లు అని వేసింటారు కదా. సరే, ఆ ఇరవైలో నువ్వు వాడేవి ఎన్నో చెప్పు. మామూలు కుట్టు, జిగ్‌జాగ్, మహా అంటే కాజాలు. ఆ ఆకుల డిజైను ఎవరి జాకెట్టుకు వేస్తావు, వేస్తే వాళ్ళు ఊరుకుంటారా?

ముందు నీ దగ్గరికి వచ్చే పని ఏందో చూసుకో. లైనింగ్ జాకెట్లు, పెళ్ళిళ్ళ టైంలో ధర్మవరం పట్టు జాకెట్లు, నైటీలు, జూన్ వస్తే స్కూల్ యూనిఫారాలు. అన్నీ నేరుగా కుట్టేవే. ఆ తెల్ల మిషను చెడ్డది అనను, ఇంట్లో పిల్లలకు కుట్టుకునేవాళ్ళకు, చీరల అంచులకు జిగ్‌జాగ్ కొట్టేవాళ్ళకు మంచిదే, కానీ అది నిమిషానికి ఎనిమిది వందల కుట్లకు అటూ ఇటూ వేస్తాది, ముహూర్తాలు ఉన్న నెలలో పొద్దున్నుంచి రాత్రి దాకా దాన్ని తోలితే మోటారు కాలేకి వస్తాది. నీ పనికి పవర్ మిషనే, అంటే గార్మెంట్ ఫ్యాక్టరీల్లో నేరు కుట్టుకు వాడే పెద్ద మోటారు మిషనే కరెక్టు. అది నిమిషానికి నాలుగైదు వేల కుట్లు వేస్తాది, నీకు అంత స్పీడ్ అక్కర్లేదనుకో, కానీ అంత స్పీడుకు చేసిన మిషను నువ్వు మెల్లగా తోలితే శానా ఏండ్లు వస్తాది.

పవర్ మిషన్లో కూడా రెండు రకాలుండాయి. పాత రకం క్లచ్ మోటారుది, స్విచ్ వేస్తే నువ్వు కుట్టినా కుట్టకున్నా గుయ్ అని తిరుగుతానే ఉంటాది, కరెంటు బిల్లు దానిపాటికది పెరుగుతాది. కొత్తవి సర్వో మోటారువి, కాలు పెడితేనే తిరుగుతాది, తీస్తే నిలబడిపోతాది, సౌండు కూడా తక్కువ, పక్కింటోళ్ళు రాత్రి తొమ్మిదికి తలుపు కొట్టరు. సర్వోదే తీసుకో. దాంట్లో ఇంకో సుఖం ఏమంటే స్పీడు బటన్‌తో తగ్గించుకోవచ్చు. తొక్కుడు మిషను అలవాటైన కాలు పవర్ మిషను మీద పెడితే గుడ్డ చేతిలోంచి ఉరికిపోతాది, అందుకని మొదట రెండు వేలకు తగ్గించి పెట్టుకో, చెయ్యి కుదిరినాక పెంచుకుందువు. కానీ సర్వోకు కంట్రోల్ బాక్సు ఉంటాది, మన అనంతపురం ఎండాకాలంలో వోల్టేజి ఎట్ల ఆడుతాదో నీకు చెప్పేదేముంది, స్టెబిలైజర్‌కు కూడా దుడ్లు ఎత్తిపెట్టుకో.

ఇంక షాపుకు పోయే సంగతి. వాళ్ళు ఇచ్చే గుడ్డ మీద కుట్టి చూసి మురిసిపోవద్దు, వాళ్ళు పెట్టేది గంజి పెట్టిన గట్టి కాటన్ ముక్క, దాని మీద ఏ మిషనైనా ముత్యాల్లాగా కుడుతాది. నువ్వు ఇంట్లోనుంచి ముక్కలు తీసుకొని పో. పల్చటి లైనింగు ఒకటి, జరీ ఉండే పట్టు ముక్క ఒకటి, పాత జీన్స్ ప్యాంటు కాలు ఒకటి. జాకెట్టుకు చంక దగ్గర చెయ్యి అతికేచోట బట్ట, లైనింగు, పైపింగు అన్నీ కలిసి ఎంత మందం అవుతాదో నీకు తెలుసు కదా, అట్లే ముక్కలు మడిచి ఆ గడ్డ మీదుగా కుట్టమను, కాదు నువ్వే కుట్టు. గడ్డ ఎక్కేటప్పుడు, దిగేటప్పుడు కుట్టు ఒకటే సైజులో వస్తాందా, లేక ఎక్కేకాడ చిన్నచిన్నగా కుక్కుకొని దిగేకాడ సాగిపోతాందా చూడు. తర్వాత గుడ్డ తిప్పి కింది వైపు చూడు. పైదారం కింద చుక్కలుగా కనపడితే పైన టెన్షన్, అంటే దారం బిగువు, వదులైనట్టు, కిందిదారం పైకి తేలితే పైన బిగిసినట్టు. అది సరిచేసేకి వాళ్ళనే చెయ్యమను, ఎట్ల చేస్తారో చూసి నేర్చుకో. పట్టు ముక్కకు మాత్రం 11 నంబరు కొత్త సూది వేయించు, 16 సూదితో పట్టు మీద కుడితే బొక్కలు పడి, మిషన్ది తప్పు అనుకొని వస్తావు. కాటన్‌కు 14, జీన్స్‌కు 16 గానీ 18 గానీ.

సూది అన్నాను కాబట్టి ఇంకోటి. నీ పాత మిషను సూదికి వెనక ఒక పక్క చదునుగా ఉంటాది, పవర్ మిషన్ది గుండ్రంగా ఉంటాది, పాత సూది దీనికి పట్టదు. కిందిదారం చుట్టే బాబిన్లు కూడా వేరే. డబ్బా నిండా ఉండాయి కదా అని పాతవి దూర్చొద్దు, బాబిన్ కూర్చునే షటిల్ పాడైతాది.

నూనె సంగతి గట్టిగా చెప్తాండా. పవర్ మిషన్లో చానావాటికి తల కింద నూనె తొట్టి ఉంటాది, దాంట్లో గీత దాకా మిషన్ ఆయిలే పోయల్ల, కొబ్బరినూనె పోస్తే జిగురు పట్టి తిరగదు. కుట్టేటప్పుడు తల మీద చిన్న అద్దం లాంటి దాంట్లో నూనె చిందేది కనపడల్ల, కనపడలేదంటే ఆపేసెయ్. షాపులో దింపుకునేటప్పుడే నూనె పోయించి, నీ కళ్ళముందర నడిపించు.

సెకండ్ హ్యాండ్ గురించి అడిగినావు. బెంగళూరు గార్మెంట్ ఫ్యాక్టరీల్లో తీసేసినవి వస్తాంటాయి, రాయదుర్గం జీన్స్ యూనిట్ల పక్క అడిగితే దొరుకుతాయి. మంచివి కూడా ఉంటాయి, కానీ కొనే ముందు చక్రం చేత్తో పట్టుకొని ముందుకు వెనక్కి, పక్కలకు ఆడించి చూడు, లూజుగా కదిలితే వద్దు. సూది దిగే ప్లేటు బొక్క చుట్టూ గీతలు పడింటే సూదులు శానా ఇరిగినాయని అర్థం. షటిల్ మొన మీద గోరుతో రాయి, గోరుకు తట్టుకుంటే దారం ఊరికే తెగుతాంటాది. నీకు తోడు మెకానిక్ వస్తానంటేనే ఆ పక్క పో, లేకుంటే కొత్తదే తీసుకో.

కంపెనీ ఏదని అడిగితే నేను జాక్ అనో జూకీ అనో చెప్పొచ్చు, రెండూ బానే ఉండాయి. నువ్వు మాత్రం మన ఊర్లో మిషన్లు రిపేరు చేసేవాళ్ళను ఇద్దరిని అడుగు, "నీ దగ్గర ఏ మిషన్ సామాను ఎప్పుడూ ఉంటాది" అని. వాళ్ళు ఏది చెప్తే అదే నీ కంపెనీ. పెళ్ళికూతురి జాకెట్టు టేబుల్ మీద ఉన్నప్పుడు పార్టు బెంగళూరు నుంచి రావల్ల అంటే ఏం చేస్తావు?

దుడ్ల లెక్కకొస్తే టేబులు, మోటారుతో కలిపి ఇరవై వేలకు అటూ ఇటూ అవుతాది, రెండు షాపుల్లో అడుగు. 2023 సెప్టెంబర్లో మొదలైన పీఎం విశ్వకర్మ స్కీంలో టైలర్లు కూడా ఉండారు, ట్రైనింగు, సామాన్లకు 15,000 దాకా, అయిదు శాతం వడ్డీకి మొదట లక్ష లోను అని. ఇంట్లో ఒక్కరికే ఇస్తారు. మీ ఇంటి పక్క సీఎస్‌సీలో, అదే కామన్ సర్వీస్ సెంటర్లో కనుక్కో, కానీ అది వచ్చేదాకా కూర్చుంటే సీజన్ పోతాది, మీ డ్వాక్రా గ్రూపులో లోను అడిగి చూడు.

టేబులు నాలుగడుగుల పొడుగు ఉంటాది, మీ బాడుగింట్లో మెట్ల మలుపులో తిరుగుతాదో లేదో ముందే టేపుతో కొలుచుకో.

పాత మిషన్ని ఎక్స్‌చేంజ్‌కు వెయ్యొద్దు, వాళ్ళిచ్చేది ఇనుము రేటే. కరెంటు పోయినప్పుడు కాలితో తొక్కేకి అదుండల్ల, ఫాల్ కుట్టుకునేకి కూడా అదే సుఖం. బెల్టు మార్పించి మూలకు పెట్టుకో.

షాపుకు ఆదివారం పోవద్దు, రష్షులో ఎవరూ నిన్ను కూర్చోబెట్టి కుట్టనియ్యరు. మంగళవారమో బుధవారమో పొద్దున్నే పో, బిల్లు మీద మిషన్ నంబరు, మోటారు నంబరు రాయించుకొని, వారంటీ కార్డు మీద సీలు వేయించుకో. మర్చిపోవద్దు.

మీ పెద్దమ్మ