కాడిలాక్ అలాంటే అమెరికన్ కారా, ఇటాలియన్ కారా?

అమ్మకానికి కనిపించే పాత కాడిలాక్ అలాంటే అమెరికన్ కారే, కాకపోతే దాని బాడీ మాత్రం ఇటలీలో తయారైంది. మెర్సిడెస్ ఎస్ఎల్ లాంటి ఖరీదైన ఓపెన్‌టాప్ కార్లకు పోటీ ఇవ్వాలని కాడిలాక్ యజమాని జనరల్ మోటార్స్ డిజైన్‌నూ, బాడీ పనినీ ట్యూరిన్ దగ్గరి పినిన్‌ఫరీనా అనే ఇటలీ కార్ల డిజైన్ కంపెనీకి అప్పగించింది. 1987 మోడల్‌నే తీసుకోండి: రంగు వేసి, లోపలి హంగులన్నీ పూర్తిచేసిన బాడీలను బోయింగ్ 747లో ట్రిప్పుకు 56 చొప్పున డెట్రాయిట్‌కు తెచ్చేవారు. ఖర్చు ఏ స్థాయిలో ఉండేదో ఊహించుకోవచ్చు! ఇంజిన్, గేర్‌బాక్స్ అక్కడి ఫ్యాక్టరీలోనే బిగించేవారు.

కారు పక్కన పినిన్‌ఫరీనా బ్యాడ్జి చూసి ఇంజిన్ కూడా ఇటలీదే అని చాలామంది పొరబడతారు. బానెట్ ఎత్తితే కనిపించేది కాడిలాక్ సొంత వీ8, అంటే ఎనిమిది సిలిండర్ల ఇంజిన్. దాని సైజు మొదట్లో 4.1 లీటర్లు, 1989 నుంచి 4.5, చివరి ఏడాది 1993లో 4.6.