తెరచాప యుద్ధనౌక మీద ఉన్న వికీపీడియా వ్యాసాన్ని మెరుగుపరచాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి?

ముందు మీది ఏ ఓడో తేల్చుకోండి. బ్రిటిష్ నౌకాదళంలో ఓడల పేర్లు మనిళ్లలో తాతల పేర్లలాగా మళ్లీ మళ్లీ వస్తుంటాయి. చెన్నైలో ఉద్యోగం చేసుకుంటూ, తీరిక దొరికినప్పుడల్లా తెలుగు వికీపీడియాలో రాస్తుంటాను. 1804 సెప్టెంబరు 15న మన విశాఖ తీరం దగ్గర ఫ్రెంచివాళ్లతో పోరాడిన బ్రిటిష్ యుద్ధనౌక సెంచూరియన్ గురించిన వ్యాసం మీద పనిచేశాను కాబట్టి దాన్నే ఉదాహరణగా చెబుతాను.

ఈ పేరుతో వెతికితే ముందు తగిలేది బ్రిటిష్ నౌకాధికారి జార్జ్ యాన్సన్ ప్రపంచం చుట్టివచ్చిన ఓడ. 1743లో స్పానిష్ నిధుల ఓడను పట్టుకున్నది అదే. దాన్ని 1769లో విప్పేశారు. విశాఖలో పోరాడింది 1774లో ఇంగ్లండులోని హార్విచ్‌లో జలప్రవేశం చేసిన ఓడ. బొమ్మ పెట్టేటప్పుడు కూడా ఇది చూసుకోవాలి, ఎందుకంటే యాన్సన్ ఓడ చిత్రాలు చాలా ప్రసిద్ధం.

తర్వాత ఫిరంగుల లెక్క. వ్యాసం పక్కన వివరాలిచ్చే సమాచారపెట్టెలో 50 అని ఉంటుంది. అది ఓడ స్థాయిని చెప్పే అంకె. కారొనేడ్లనే పొట్టి ఫిరంగులను 1817 దాకా ఆ అంకెలో సాధారణంగా కలిపేవారు కాదు. అందుకే ఓడ మీద నిజంగా ఉన్నవి వేరుగా, ఏ ఏడాదివో చెబుతూ రాయండి.

అసలు శ్రద్ధ పెట్టాల్సింది పోరాటం భాగం మీద. ఫ్రెంచి అడ్మిరల్ లినువా దగ్గర 74 ఫిరంగుల ఓడ మరెంగో, దానితో పాటు రెండు ఫ్రిగేట్లు, అంటే అంతకంటే చిన్న యుద్ధనౌకలు ఉన్నాయి. బార్నబీ, ప్రిన్సెస్ షార్లెట్ అనే రెండు వర్తక నౌకలకు సెంచూరియన్ ఒక్కటే కాపలా. ఫ్రెంచి ఓడలు కనబడే సమయానికి సెంచూరియన్ కెప్టెన్ లిండ్ ఒడ్డున ఉన్నాడు, కాల్పులు మొదలుపెట్టింది లెఫ్టినెంట్ ఫిలిప్స్. కెప్టెన్ ఒడ్డున ఏం చేస్తున్నాడని పాఠకుడు అడుగుతాడు కదా? అప్పటికి విశాఖకు హార్బర్ లేదు, అది తెరుచుకున్నది 1933లో. ఓడలు సముద్రంలో లంగరేసుకుంటే సరుకు, మనుషులు అలల మీదుగా మసూలా పడవల్లో వచ్చేవారు. మేకులు లేకుండా కొబ్బరి పీచు తాళ్లతో కుట్టిన పడవలవి, మద్రాసులోనూ అవే నడిచేవి. ఈ నాలుగు వాక్యాలు రాస్తే లిండ్ మధ్యలో తిరిగి ఓడెక్కడానికి పడ్డ పాటు అర్థమవుతుంది. ఇంగ్లీషు వ్యాసాన్ని యంత్రానువాదం చేస్తే ఇవేవీ రావు. మన తీరం గురించి మనమే రాయాలి.

ఎవరు గెలిచారన్నది మీరు తీర్పు చెప్పకండి. బార్నబీ ఒడ్డుకు కొట్టుకుపోయి పగిలిపోయింది, ప్రిన్సెస్ షార్లెట్ ఫ్రెంచివాళ్లకు చిక్కింది, సెంచూరియన్ మాత్రం లొంగలేదు. ఇది చూసి రెండు పక్షాలూ తమదే పైచేయి అనుకోవచ్చు. ఏ మాట ఎవరిదో చెప్పి, ఆ వాక్యం పక్కనే మూలం ఇవ్వండి.

మూలాలకు డబ్బు అక్కర్లేదు. బ్రిటిష్ ప్రభుత్వ అధికారిక పత్రిక లండన్ గెజెట్ పాత సంచికలు, 1799 నుంచి 1818 దాకా వచ్చిన నౌకాదళ పత్రిక నేవల్ క్రానికల్ ఆన్‌లైన్లో ఉచితం. పాత జిల్లా గెజిటీర్ల కోసం నేను ఎగ్మూరులోని కన్నెమరా గ్రంథాలయానికి వెళ్తాను. కాకపోతే ఆనాటి అధికారుల ఉత్తరాలు తమను తాము మెచ్చుకునేవే. వాటి నుంచి తేదీలు, పేర్లు తీసుకోండి, విశ్లేషణకు మాత్రం తర్వాతి చరిత్రకారులను చూడండి. మీ సొంత ఊహ ఎంత సబబుగా ఉన్నా వికీపీడియా భాషలో మౌలిక పరిశోధన, అంటే మూలం లేని సొంత విశ్లేషణ కిందికే వస్తుంది, అది వ్యాసంలోకి రాకూడదు. చర్చ పేజీలో పెట్టండి, మూలం తెలిసినవాళ్లు ఎవరైనా అందిస్తారు.