ఒబామా ఆరోగ్య చట్టంతో ఒంట్లో చిప్ పెడతారా? భయపడే రోగికి నర్సుగా ఏం చెప్పాలి?

పెట్టరు. అమెరికాలో 2010 మార్చి 23న సంతకమైన ఆ చట్టంలో ఎవరికీ చిప్ పెట్టాలన్న నిబంధన లేదు.

పుకారు మొదలైంది వేరేచోట. 2009లో ప్రతినిధుల సభకు వచ్చిన 3200 నంబరు బిల్లులో వైద్య పరికరాల రిజిస్ట్రీ గురించి ఒక సెక్షన్ ఉండేది. పేస్‌మేకర్ లాంటివి అమర్చాక ఎలా పనిచేస్తున్నాయో, ఏదైనా లోపం బయటపడుతోందో గమనించడానికి ఉద్దేశించిన జాబితా అది. అందులో ‘శరీరంలో అమర్చే’ అన్న మాట పట్టుకుని, అందరికీ అమరుస్తారని ప్రచారం చేశారు. పైగా ఆ బిల్లు చట్టమే కాలేదు, చట్టమైంది 3590 నంబరు బిల్లు. రోగి వివరాలు తెలిపే చిప్‌కి 2004లోనే అమెరికా మందులు, వైద్య పరికరాల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ అనుమతి ఇచ్చిన మాట నిజమే. కానీ అది ఇష్టపడినవాళ్లకే.

ఇక భయం సంగతి. కుడిచేతి మీదో నొసటి మీదో ముద్ర లేనివాడు కొనలేడు, అమ్మలేడు అని బైబిల్లోని ప్రకటన గ్రంథం 13వ అధ్యాయంలో ఉంది. దాన్ని చిన్నప్పటి నుంచి నమ్మిన మనిషికి ‘చిప్’ అనగానే అదే ఆ ముద్రేమోనని టెన్షన్ రావడం సహజం. దయచేసి నవ్వకండి. విశ్వాసం మీద వాదనకూ దిగకండి. ‘మీకు వచ్చిన మెసేజ్‌లో బిల్లు నంబరు ఎంతుందో చూద్దామా?’ అని పక్కన కూర్చోండి. అమెరికా చట్టసభ వెబ్‌సైట్ కాంగ్రెస్ డాట్ గవ్‌లో రెండు బిల్లుల పాఠమూ ఉచితంగా దొరుకుతుంది. నేనైతే ముందు నేను చదివాకే మాట్లాడతాను. యూనిఫాంలో ఉన్న మనం ‘అలాగట’ అన్నా చాలు, రోగి దాన్నే నిజమనుకుంటాడు.