సైలెన్సర్‌కు అప్పు వద్దు, ముందు బండి బాకీ తీర్చండి

ప్రశ్న: నాలుగు సిలిండర్ల 1,000 సీసీ స్పోర్ట్ టూరింగ్ బండిని సెకండ్ హ్యాండ్‌లో కొన్నాను. అయిదేళ్ల బండి, మీటరు 31,000 కి.మీ. చూపిస్తోంది. రెండు టైర్లూ 7,000 కి.మీ. కిందట మార్చినవి. చైన్ మాత్రం పాతదే. ఎడమ ఫోర్క్ మీద కొద్దిగా ఆయిల్ మరక ఉంది. వాల్వ్ క్లియరెన్స్ (వాల్వ్‌కు, దాన్ని నెట్టే భాగానికి మధ్య ఉండాల్సిన సన్నని ఖాళీ) 24,000 కి.మీ.కు చూడాలని మాన్యువల్‌లో ఉంది కానీ, చూసినట్టు బిల్లు లేదు. మూడు నెలల్లో నేనూ నా భార్యా 6,000 కి.మీ. ప్రయాణం పెట్టుకున్నాం. మామూలుగా ఏడాదికి 12,000 కి.మీ. దాకా తిరుగుతాను. అత్యవసర నిధి కాకుండా బండి కోసమే కొంత దాచాను. స్లిప్-ఆన్ సైలెన్సర్, ఈసీయూ రీమ్యాప్ (ఇంజిన్‌ను నడిపే కంప్యూటర్ సెట్టింగుల మార్పు), పక్క పెట్టెలు, టాప్ బాక్స్, పొడవాటి విండ్‌స్క్రీన్, అదనపు లైట్లు, టూరింగ్ సీటు వేయించాలని ఉంది. తక్కువ పడే డబ్బుకు పర్సనల్ లోన్ తీసుకోవచ్చా? వీటి ధరలూ, వర్క్‌షాప్ ఇచ్చిన అంచనా, బండి కాగితాలూ జత చేశాను.

జవాబు: వద్దండీ. వడ్డీ సంగతి తర్వాత చూద్దాం. అసలు మీ లెక్కలోనే పెద్ద ఖర్చు ఒకటి రాలేదు.

మీరు పంపిన ధరలన్నిటినీ ఒకే కొలతలోకి తెచ్చుకుందాం. ఒక వెనక టైరు, బిగింపు కూలీతో సహా, ఎంతవుతుందో దాన్ని 1 అనుకోండి. ఆ లెక్కన మీ దగ్గరున్నది 10. సైలెన్సర్, రీమ్యాప్ కలిపి 5. పెట్టెలు మూడూ బ్రాకెట్లతో 4.5. సీటు 2, లైట్లు 1, విండ్‌స్క్రీన్ 0.6. మొత్తం 13.1. అందుకే 3కి లోన్ అడుగుతున్నారు.

ఇప్పుడు వర్క్‌షాప్ కాగితం చూడండి. రెండు టైర్లు 1.8, చైన్, స్ప్రాకెట్ల (చైన్ తిరిగే పళ్ల చక్రాల) సెట్ 1, వాల్వ్ పని 2, ఫోర్క్ ఆయిల్, సీళ్లు 1.2, బ్రేక్ ఫ్లూయిడ్, కూలెంట్ 0.6, ఇంజిన్ ఆయిల్, ఫిల్టర్ 0.4. ఇది 7. రెండూ కలిపితే 20 దాటింది. లోటు 3 కాదు, 10. పాత యజమాని వాయిదా వేసుకుంటూ వచ్చిన బాకీ అంతా బండితోపాటు మీ పేరు మీదకు మారింది. ముందు తీర్చాల్సింది అదే.

టైర్లు 7,000 కి.మీ.లే తిరిగాయి కదా, ఇప్పుడే ఎందుకని మీకు అనిపించవచ్చు. స్పోర్ట్ టూరింగ్ వెనక టైరు సాధారణంగా 8,000 నుంచి 12,000 కి.మీ. వస్తుంది. ఇద్దరు మనుషులు, సామాను, గంటల తరబడి హైవే వేగం ఉంటే కింది అంకెకే దగ్గర. మీకు 9,000 వేసుకుందాం. అంటే ఇంకా 2,000 మిగిలాయి, ప్రయాణంలో మూడో వంతు దగ్గరే టైరు అయిపోతుంది. ఇంట్లోనే మార్చేస్తే మీరు పారేసే విలువ 9లో 2 వంతులు, అంటే 0.22. ముందు టైరుకు 13,000 వేసుకుంటే సరిగ్గా ప్రయాణం చివరికి అరుగుతుంది. అంచు మీద ఉన్న ముందు టైరుతో తడి రోడ్డు మీద వెళ్లడం నాకు నచ్చదు. దాన్నీ మారిస్తే ఇంకో 0.37 పోతుంది. రెండూ కలిపి 0.6. దారిలో టైరు అయిపోతే 180/55 సైజు 17 అంగుళాల రేడియల్ ఎక్కడ పడితే అక్కడ దొరకదు. దొరికిన బ్రాండును అడిగిన ధరకు కొనాలి, లేదా టైరు వచ్చేదాకా గది అద్దె కట్టుకుంటూ కూర్చోవాలి. ఆ 0.6ను పారేసిన డబ్బు అనుకోకండి. ఇన్సూరెన్స్ ప్రీమియం లాంటిది.

కొనేటప్పుడు టైరు పక్క గోడ మీద నాలుగు అంకెల తేదీ కోడ్ చూడండి. మొదటి రెండు వారం, తర్వాతి రెండు సంవత్సరం. 2324 అంటే 2024లో 23వ వారం. గాలి మాత్రం టైరు చల్లగా ఉన్నప్పుడే కొలవాలి. ఈ తరగతి బళ్లలో చాలావాటికి ముందు 36, వెనక 42 పీఎస్‌ఐ ఉంటుంది, అయినా మీ బండి స్టిక్కర్ మీద ఉన్న అంకెదే చివరి మాట. గాలి తగ్గితే టైరు ఎక్కువగా వంగి లేస్తూ వేడెక్కుతుంది, త్వరగా అరుగుతుంది. డబ్బు లెక్కలో చూస్తే ఈ బండికి మీరు కొనగలిగే అత్యంత లాభసాటి వస్తువు ఓ మంచి ప్రెషర్ గేజ్.

చైన్ సంగతి మీరే తేల్చుకోవచ్చు. వెనక స్ప్రాకెట్‌కు చిట్టచివర, చక్రం వెనక వైపున, చైన్‌ను పట్టుకుని వెనక్కి లాగండి. పన్ను సగం బయటపడేంత లేచిందంటే పని అయిపోయింది. 31,000 కి.మీ. తిరిగిన చైన్‌కు ఆ తీర్పే వస్తుందని నా అంచనా. చైన్, రెండు స్ప్రాకెట్లూ కలిపే మార్చాలి. అరిగిన పళ్ల మీద వేసిన కొత్త చైన్ సగం ఆయుష్షుకే పోతుంది. ప్రయాణంలో ప్రతి 500 నుంచి 800 కి.మీ.కు లూబ్ పట్టించాలి, 6,000 కి.మీ.లో అది 8 నుంచి 12 సార్లు. కిరోసిన్‌తో శుభ్రం చేయండి కానీ పెట్రోలు వాడకండి, లోపల గ్రీజును పట్టి ఉంచే ఓ-రింగులు చెడిపోతాయి.

ఇక బిగువు. చాలా బళ్లకు చైన్ వదులు 25 నుంచి 35 మి.మీ. మధ్య చెబుతారు. బిగుతుగా ఉంటే మంచిదనుకుని ఇంకాస్త బిగించేవాళ్లు ఉన్నారు. ఇద్దరు ఎక్కి సామాను పెడితే వెనక సస్పెన్షన్ కిందికి దిగుతుంది, చైన్ ఇంకా బిగుసుకుంటుంది. ఆ లాగుడంతా గేర్‌బాక్స్ అవుట్‌పుట్ షాఫ్ట్ బేరింగ్ మీద పడుతుంది. చాలా ఇంజిన్లలో ఆ బేరింగ్ మార్చాలంటే ఇంజిన్ కేసులు విడదీయాలి. స్పానర్ అరచుట్టు తిప్పితే పోయేదానికి ఇంజిన్ విప్పే కూలీ కట్టుకోవడమన్నమాట.

పట్టీలో పెద్ద అంకె వాల్వ్ పని, 2. ఇంజిన్ నిశ్శబ్దంగా నడుస్తోంది కదా అని మీకు అనిపించవచ్చు. ఈ ఇంజిన్లలో భయపడాల్సింది నిశ్శబ్దానికే. కాలం గడిచేకొద్దీ వాల్వ్ తన సీటులోకి లోతుగా కూర్చుంటుంది, క్లియరెన్స్ తగ్గుతుంది, చప్పుడు కూడా తగ్గుతుంది. ఎగ్జాస్ట్ వాల్వ్ పూర్తిగా మూసుకోకపోతే దాని వేడి సీటు ద్వారా బయటికి పోదు, అంచు కాలిపోతుంది. అప్పుడు సిలిండర్ హెడ్ దించాల్సిందే. నాలుగు సిలిండర్లకు 16 వాల్వులు. ట్యాంక్, ఎయిర్ బాక్స్ విప్పితే గానీ కొలవడానికి దారి ఉండదు, అందుకే కూలీ అంత. ఎలాగూ అంతా విప్పుతారు కాబట్టి ఎయిర్ ఫిల్టర్, స్పార్క్ ప్లగ్‌లు అప్పుడే చూడమనండి. అన్ని వాల్వుల కొలతలూ కాగితం మీద రాసి ఇమ్మని అడగండి. రేపు బండి అమ్మేటప్పుడు ఆ కాగితానికి విలువ ఉంటుంది.

ఫోర్క్ దగ్గర కొంత ఆదా అవుతుందేమోనని చూశాను. మరక కొత్తదైతే చాలాసార్లు సీలు పెదవి కింద ఇరుక్కున్న దుమ్మే కారణం. పలచని ప్లాస్టిక్ ముక్కను సీలు చుట్టూ తిప్పి ఆ దుమ్ము తీస్తే కారడం ఆగుతుంది. కానీ మీ కాగితాల్లో అయిదేళ్లుగా ఫోర్క్ ఆయిల్ మార్చిన జాడ లేదు, ఎలాగూ ఫోర్క్ విప్పాలి. విప్పాక సీళ్ల ధర చిన్నది. పైగా అక్కడ కారిన ఆయిల్ కిందికి జారి బ్రేక్ ప్యాడ్‌ల మీద పడితే ప్యాడ్‌లూ పోతాయి, ఆ క్షణంలో బ్రేకూ పోతుంది. 1.2 ఉంచండి.

బ్రేక్ ఫ్లూయిడ్ గాలిలోని తేమను పీలుస్తుంది, అందుకే కిలోమీటర్లతో పని లేకుండా రెండేళ్లకోసారి మార్చాలి. డాట్ 4 ప్రమాణం ప్రకారం కొత్త ఫ్లూయిడ్ మరిగే ఉష్ణోగ్రత కనీసం 230 డిగ్రీల సెల్సియస్, తేమ పట్టాక కనీస హద్దు 155. ఇద్దరితో, సామానుతో ఘాట్ రోడ్డు దిగుతున్నప్పుడే ఆ తేడా తెలిసొస్తుంది. ఇంజిన్ ఆయిల్ డబ్బా మీద జాసో ఎంఏ లేదా ఎంఏ2 అనే మోటార్‌సైకిల్ ఆయిల్ ప్రమాణం గుర్తు ఉండాలి. చవకని కారు ఆయిల్ పోస్తే అందులోని జారుడు రసాయనాలకు క్లచ్ జారవచ్చు.

ఈ 7 కట్టాక మీ దగ్గర 3 మిగులుతుంది. అది ఖర్చు పెట్టే ముందు, తిరిగిన ప్రతి 1,000 కి.మీ.కు ఎంత దాచాలో చూద్దాం. ధరను ఆయుష్షుతో భాగించడమే. వెనక టైరు 9,000కు 1 అంటే 0.11, ముందు టైరు 0.06. చైన్ సెట్ 25,000 కి.మీ. వస్తే 0.04, ఇంజిన్ ఆయిల్ 10,000కు ఒకసారి 0.04. వాల్వులు 24,000కు 0.08. ఫోర్క్ 30,000కు 0.04. ప్యాడ్‌ల సెట్ ధర 0.7 వేసుకుని 20,000 వస్తుందనుకుంటే 0.035. అంతా కూడితే 0.41. అంటే మీ 6,000 కి.మీ. ప్రయాణం పెట్రోలు, బస కాకుండా దాదాపు రెండున్నర టైర్ల విలువను అరగదీస్తుంది. మీ ప్రయాణ బడ్జెట్‌లో ఆ పద్దే లేదు. ఏడాదికి 12,000 కి.మీ.కు 4.9, ఫ్లూయిడ్‌ల వాటా 0.3 కలిపితే 5.2. నెలకు 0.43. జీతం పడిన రోజే ఇది వేరే ఖాతాలోకి వెళ్లాలి. రికరింగ్ డిపాజిట్ అయినా సరే, లిక్విడ్ ఫండ్ అయినా సరే. ఏ నెలలో కావాలంటే ఆ నెలలో తీసుకోగలగాలి, అందుకే షేర్లలో పెట్టకండి.

నెలకు 0.43 దాచడం భారమనిపిస్తే లోన్ కిస్తీ దాని పైన ఎక్కుతుంది, దానికి బదులుగా కాదు. ఈఎంఐ కట్టినా టైరు అరక్క మానదు కదా.

మిగిలిన 3లో 1 ముట్టుకోకండి. దారిలో లివర్ విరిగినా, బ్యాటరీ చచ్చినా, బండిని ట్రక్కు ఎక్కించాల్సి వచ్చినా అది పనికొస్తుంది. సోకులకు ఉన్నది 2.

ముందు డబ్బు పడని పనులు. వెనక సస్పెన్షన్ ప్రీలోడ్‌ను, అంటే స్ప్రింగ్ ముందస్తు బిగువును, ఇద్దరి బరువుకు సరిచేయండి. ఎవరూ ఎక్కకుండా వెనక చక్రం గాల్లో ఉన్నప్పుడు యాక్సిల్ నుంచి తోక భాగం మీద ఓ గుర్తు దాకా కొలవండి. తర్వాత ఇద్దరూ సామానుతో ఎక్కి కూర్చున్నాక మళ్లీ కొలవండి. తేడా 35 నుంచి 40 మి.మీ. ఉంటే బాగు. అంతకంటే ఎక్కువ దిగుతుంటే ముందు భాగం తేలిపోతుంది, హెడ్‌లైట్ ఆకాశాన్ని చూస్తుంది. అదనపు లైట్లు కావాలని మీకు అనిపించడానికి అసలు కారణం ఇదే కావచ్చు. క్లచ్, బ్రేక్ లివర్ల కోణం మీ ముంజేయికి వరసలో పెట్టుకోండి, మణికట్టు నొప్పి చాలావరకు తగ్గుతుంది.

విండ్‌స్క్రీన్‌కు 0.6 సమంజసమే, కానీ పొడవాటిదే మేలని ఖాయం చేసుకోకండి. హైవే వేగంలో ఫుట్‌పెగ్‌ల మీద కొద్దిగా లేచి చూడండి. తల ఊగడం ఆగి గాలి సాఫీగా తగిలితే మీకు కావాల్సింది పొట్టి స్క్రీన్. కిందికి వంగితే ప్రశాంతంగా ఉంటే అప్పుడు పొడవాటిది. హెల్మెట్‌ను కొట్టేది స్క్రీన్ అంచు దగ్గర పుట్టే సుడిగాలి, అది తలకు పైనో కిందో పోవాలి.

పెట్టెల దగ్గర బరువు లెక్క చూడండి. బండి మొత్తం అనుమతి బరువులోంచి పెట్రోలుతో కలిపిన సొంత బరువు తీసేస్తే మోయగలిగినది వస్తుంది. 440 కిలోలు, 235 కిలోలు అయితే మిగిలేది 205. రైడింగ్ గేర్‌తో కలిపి మీ ఇద్దరూ 155 అయితే సామానుకు 50. గట్టి పెట్టెలు, బ్రాకెట్లు ఖాళీగానే అందులో 12 నుంచి 15 కిలోలు తినేస్తాయి. టాప్ బాక్స్ వెనక యాక్సిల్‌కు వెనకగా, ఎత్తులో ఉంటుంది కాబట్టి అందులో బరువు పెరిగితే వేగంలో బండి తోకాడిస్తుంది. ఈ ప్రయాణానికి మెత్తటి శాడిల్ బ్యాగులు తీసుకోండి. 1 లోపు వస్తే కొనండి. బ్యాగుకు, సైలెన్సర్‌కు మధ్య ఖాళీ ఉందో లేదో, వెనక సస్పెన్షన్ పూర్తిగా దిగినప్పుడు కూడా ఉంటుందో లేదో చూసుకోండి. కరిగిన బ్యాగుల్లో ఎక్కువ ఈ తప్పుతోనే కరుగుతాయి.

సీటు ప్రయాణం అయ్యాకే. ఎక్కడ నొప్పి పుడుతుందో, ఎన్ని గంటలకు పుడుతుందో ఇద్దరికీ తెలిశాక ఫోమ్ మార్పిస్తే సరిపోవచ్చు. లైట్లు వేయించేటప్పుడు రిలే, బ్యాటరీ పక్కనే ఫ్యూజ్ తప్పనిసరి. వేడి గ్రిప్‌లు, ఫోన్ చార్జర్ కూడా ఉంటే అన్నిటి వాట్లు కూడి, ఆల్టర్నేటర్‌కు మిగులు ఉందో లేదో చూడండి.

సైలెన్సర్‌ను పట్టీలో అడుక్కి నెట్టాను. 5 పెట్టినా ఒక్క కిలోమీటరు కూడా సుఖంగా పెరగదు, అమ్మేటప్పుడు ఆ ధర తిరిగి రాదు, రీమ్యాప్‌తో వారంటీ గొడవలు రావచ్చు. గంటల తరబడి ఆ చప్పుడు పక్కన కూర్చోవాల్సింది మీ భార్య కూడా. అప్పటికీ కోరిక ఉంటే నెలవారీ 0.43 దాచాక మిగిలేదాంతో, లోన్ లేకుండా కొనుక్కోండి. విప్పిన ఒరిజినల్ భాగాలన్నీ బోల్టులతో సహా దాచండి. ఏది బిగించినా బిల్లుతో ఇన్సూరెన్స్ కంపెనీకి ముందే తెలియజేసి పాలసీలో రాయించండి. చెప్పని యాక్సెసరీకి క్లెయిమ్ అడిగితే ఇవ్వకపోవచ్చు.